మలబారు అని రాసిన కప్ప

తెల్లదొరల కాగితాల్లో మన కొండల పేర్లు ఎలా పోయాయో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ఒక కప్ప సంగతి చెబుతాం.

మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖలో బెడ్డోమ్ అనే అధికారి ఉండేవాడు. కొండలన్నీ తిరిగి పాములు, బల్లులు, కప్పలు, మొక్కలు పోగుచేసేవాడు. అలా వెళ్లినవాటిని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గుంథర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి పేర్లు పెట్టేవాడు. 1875 నాటి నివేదికలో ఆయన ఒక కొత్త కప్పకు 'బ్యూఫో హోలోలియస్' అని పేరు పెట్టాడు. మన గోదురు కప్ప కుటుంబమే. కానీ గోదురు కప్పకుండే పొక్కులు దీనికి దాదాపు లేవు. నున్నని చర్మం, అణగ్గొట్టినట్టున్న ఒళ్లు. ఆ గ్రీకు పేరుకు అర్థం కూడా 'అంతా నునుపు' అనే. మరి దొరికిన చోటు? ఒక్క మాట రాశారు: మలబార్.

మలబారంటే పడమటి సముద్రం పక్కన వానలు దంచే సీమ. అదే నివేదికలో చెట్లెక్కే కప్ప కూడా ఒకటుంది, అది నిజంగానే పడమటి కనుమలది. నునుపు కప్ప జాడ మాత్రం చాలా కాలానికి తూర్పున తేలింది. మన చెంచుల సీమ అంచున, నాగార్జునసాగర్ దగ్గర. తర్వాత తమిళనాడులో సెంజి కొండల దగ్గర, కర్ణాటక రాతిగుట్టల్లో. ఇది ఎండుసీమ బండల కప్ప, రాతి చీలికల్లో దూరడానికే ఆ అణిగిన ఒళ్లు. మలబార్ అన్న మాటే పొరపాటై ఉండాలని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు.

ఇదే బెడ్డోమ్ 1877లో జయపురం బల్లిని వర్ణించినప్పుడు పటింఘే కొండ అని కొండ పేరు రాశాడు. ఆ ఒక్క పేరే ఆధారమైంది. సుమారు 135 ఏళ్ల తర్వాత ఆ బల్లి మళ్లీ ఆ తూర్పు కనుమల్లోనే దొరికింది. కప్పకు అంతపాటి అదృష్టం లేదు. ఎర్ర జాబితాలో దాన్ని 'సమాచారం చాలని' జాతుల్లో పెట్టారు.

సమాచారం చాలకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. బండ అంటే ఆఫీసు కాగితాల్లో ఉత్త బీడు. దానిమీద ఏ ప్రాణీ నమోదు కాకపోతే క్వారీకి అడ్డం చెప్పే మాటే ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ పటం గీసేటప్పుడూ ఇదే చూశాం. మనం పిలిచే గుట్టల పేర్లు ఆఫీసు పటంలో లేవు, అక్కడ అంకెలే ఉన్నాయి. పెద్దల్ని కూర్చోబెట్టి ఒక్కో గుట్ట, ఒక్కో చెలమ పేరు అడిగి రాసుకోవాల్సి వచ్చింది.

ఆ పటం నకలు ఇప్పుడు మా బడి గోడకుంది. తొలకరి పడితే పిల్లలతో బండల మీదికి పోతాం. కప్పను పట్టొద్దని ముందే చెబుతాం. ఫొటో, తేదీ, బండ పేరు, అదీ పెద్దలు పిలిచే పేరే, నోటుబుక్కులో ఎక్కిస్తాం. ఇప్పటిదాకా కనబడినవన్నీ మామూలు గోదురు కప్పలే. అవి కూడా రాస్తున్నాం.