చిన్న పిల్లలతో ఫిజీ ప్రయాణం: బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

జూలై స్కూలు సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన న్యూజిలాండ్ తెలుగువారి ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఇండియా వెళ్ళి రావడానికి రెండు వారాలు చాలవు, టిక్కెట్ల ఖర్చూ ఎక్కువే. ఇంట్లోనే కూర్చుంటే వాన, చలి, హీటరు బిల్లు. అప్పుడు అందరి నోటా వచ్చే పేరు ఫిజీ. ఆక్లాండ్ నుంచి నాండి విమానాశ్రయానికి సుమారు 3 గంటల ప్రయాణం. పేరు రాసేది నాడి అని, స్థానికులు పలికేది మాత్రం నాండి అని. మన చలికాలంలో గడియారం మార్చుకోవలసిన పని కూడా లేదు, రెండు దేశాలకూ అప్పుడు ఒకటే సమయం. పసిపిల్లల నిద్ర చెడకపోవడం ఎంత పెద్ద వరమో తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు.

మా కుటుంబం మొదటిసారి వెళ్ళినప్పుడు ఏడు రోజుల్లో మూడు చోట్ల బస పెట్టుకున్నాం. ఇంత డబ్బు పెట్టి వెళ్తున్నాం, అన్నీ చూసేయాలని ఆశ! మూడో రోజుకి రెండేళ్ళ మా పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. మిగతా సెలవంతా హోటల్ గదిలోనే గడిచింది. ఆ తరువాత వెళ్ళిన ప్రయాణాల్లో నేర్చుకున్నదీ, డాక్టరు మిత్రులను అడిగి తెలుసుకున్నదీ కలిపి, మొదటిసారి వెళ్ళేవారికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్ళాలి?

ఫిజీలో మే నుంచి అక్టోబర్ వరకు పొడి కాలం. జూలైలో నాండి వైపు పగలు 27, 28 డిగ్రీలు ఉంటుంది, రాత్రి హాయిగా చల్లబడుతుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు వానలు, ఉక్కపోత, తుపానుల కాలం. 2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ తుపాను 44 మందిని బలి తీసుకుంది. మన క్రిస్మస్ సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. ఆ రోజుల్లో వెళ్ళక తప్పకపోతే, తుపాను వల్ల ప్రయాణం రద్దయితే డబ్బు తిరిగి ఇచ్చే ఇన్సూరెన్స్ తీసుకోండి. అదీ టిక్కెట్టు కొన్న రోజే తీసుకోవాలి. తుపానుకి పేరు పెట్టాక తీసుకున్న పాలసీ ఆ తుపానుకి సాధారణంగా వర్తించదు.

కాగితాలు

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఫిజీలోకి వెళ్ళడం తేలిక. న్యూజిలాండ్ పాస్‌పోర్టుకీ, ఇండియన్ పాస్‌పోర్టుకీ కూడా పర్యాటకులుగా ముందుగా వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, తిరుగు టిక్కెట్టు ఉండాలి. వెళ్ళే ముందు ఒకసారి ఫిజీ ఇమిగ్రేషన్ నిబంధనలు చూసుకుంటే చాలు. అసలు చిక్కు తిరిగి న్యూజిలాండ్‌లోకి రావడంలో ఉంది.

* రెసిడెంట్ వీసా ఉన్నవారు అందులో ట్రావెల్ కండిషన్స్ ఏ తేదీ వరకు ఉన్నాయో చూసుకోండి. ఆ తేదీ దాటి దేశం బయట ఉంటే ఆ వీసా మీద తిరిగి రాలేరు. పర్మనెంట్ రెసిడెంట్ వీసాకి ఈ బెడద లేదు.
* వర్క్ వీసా, విజిటర్ వీసా ఉన్నవారు అది ఎన్నిసార్లు ప్రవేశానికి చెల్లుతుందో చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలను సరదాగా ఫిజీ తీసుకెళ్దాం అనుకుంటాం. వారిది ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే దేశం దాటగానే అది అయిపోయినట్టే. పెద్దవాళ్ళు నాండి విమానాశ్రయంలో చిక్కుకుపోతారు.
* పిల్లలకు ఎవరి పాస్‌పోర్టు వారికి ఉండాలి. 16 ఏళ్ళలోపు పిల్లల న్యూజిలాండ్ పాస్‌పోర్టు 5 ఏళ్ళే చెల్లుతుంది. పుట్టినప్పుడు తీసింది బడిలో చేరేనాటికి గడువు తీరిపోతుంది, చాలామంది మరిచిపోతారు.
* ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డా న్యూజిలాండ్ పౌరుడు కాదు. 2006 జనవరి 1 నుంచి, పుట్టినప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులో శాశ్వత నివాస హక్కు ఉన్నవారో అయితేనే బిడ్డకి పౌరసత్వం వస్తుంది. వర్క్ వీసా రోజుల్లో పుట్టిన పిల్లలకి ఇండియన్ పాస్‌పోర్టు, న్యూజిలాండ్ వీసా రెండూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.
* తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లలను తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం వెంట ఉంచుకోవడం మంచిది.

ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోండి. విదేశాల్లో చేయించుకున్న వైద్యానికి ఏసీసీ డబ్బు కట్టదు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లతో న్యూజిలాండ్‌కి ఉన్న వైద్య ఒప్పందం లాంటిది ఫిజీతో లేదు. తీవ్రమైన జబ్బు చేస్తే ప్రత్యేక విమానంలో ఆక్లాండ్ తీసుకురావలసి రావచ్చు. ఆ ఖర్చు పాలసీలో ఉందా అని ముందే అడగండి. మన విదేశాంగ శాఖ వారి సేఫ్ ట్రావెల్‌లో పేర్లు నమోదు చేసుకుంటే తుపాను హెచ్చరికలు అందుతాయి. న్యూజిలాండ్ హైకమిషన్ సువా నగరంలో ఉంది.

ఎక్కడ ఉండాలి?

ఫిజీలో 300 పైగా దీవులున్నాయి. అయిదేళ్ళలోపు పిల్లలుంటే పెద్ద దీవి వితి లేవు మీదే ఉండమని నా సలహా. విమానాశ్రయానికి దగ్గరగా దెనరావ్ ఉంది. సముద్రం గొప్పగా ఉండదు గానీ ఈతకొలనులు బాగుంటాయి, డాక్టరూ మందుల షాపూ దగ్గర. నాండి నుంచి సువా వెళ్ళే క్వీన్స్ రోడ్డు మీద కోరల్ కోస్ట్ ఉంది. అక్కడ సింగటోకా దగ్గరి ఇసుక దిబ్బలు ఫిజీ మొట్టమొదటి నేషనల్ పార్కు. మామనుథా, యసావా దీవులు ఫోటోల్లో చూసే స్వర్గాలే. కానీ రాత్రి పూట బిడ్డకి జ్వరం వస్తే పడవ దొరకదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక వాటికి వెళ్ళవచ్చు, లేదా దెనరావ్ రేవు నుంచి ఒక్క రోజు పడవ ప్రయాణం చేసి రావచ్చు.

ఎక్కడైనా సరే, వారానికి ఒకటే బస. పొద్దున్న ఒక పని, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఆట. అంతకు మించి ప్లాను వేయకండి.

ఆరోగ్యం

ముందుగా టీకాలు. 2019 చివర్లో ఫిజీలో, సమోవాలో తట్టు వ్యాపించింది. సమోవాలో 83 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది చిన్న పిల్లలే. న్యూజిలాండ్‌లో ఎంఎంఆర్ టీకా 12వ నెలలో, 15వ నెలలో ఇస్తారు. ఏడాది నిండని బిడ్డకి ముందుగా వేయించాలా అన్నది మీ డాక్టరుని అడగండి. ఫిజీలో టైఫాయిడ్ ఉంది. రెండేళ్ళు దాటినవారికి దానికి ఇంజెక్షను ఉంది. ప్రయాణానికి కనీసం నెల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఫిజీలో మలేరియా లేదు. కానీ డెంగీ ఉంది. 2013-14లో పెద్ద ఎత్తున వచ్చింది, ఆ తరువాతా వస్తూనే ఉంది. ఈ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం చీకటి పడే ముందూ. పొడుగు చేతుల పల్చని నూలు బట్టలు వేయండి. డీట్ ఉన్న దోమల మందు రెండు నెలలు దాటిన పిల్లలకి రాయవచ్చు. అరచేతులకు మాత్రం రాయకండి, అవి నోట్లోకి వెళ్తాయి. సన్‌స్క్రీన్ ముందు, దోమల మందు తరువాత.

డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే ఇవ్వాలి, బరువుని బట్టి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా ఉండాలి. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. దోమ కుట్టిన 14 రోజుల వరకు జ్వరం రావచ్చు. ఇంటికి వచ్చాక జ్వరం వస్తే డాక్టరుకి చెప్పవలసిన మొదటి మాట "మేము ఫిజీ వెళ్ళి వచ్చాం" అని. రాత్రిపూట అయితే హెల్త్‌లైన్ 0800 611 116 కి ఫోన్ చేయవచ్చు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలే ప్రాణం. ఇక్కడి మందుల షాపులోనే కొని తీసుకెళ్ళండి. పసిబిడ్డ డైపరు ఆరు గంటలైనా పొడిగా ఉన్నా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, నోరు ఎండిపోయినా ఆలస్యం చేయవద్దు. తాగడానికి, పాలు కలపడానికి, పళ్ళు తోమడానికి కాచిన నీళ్ళో సీసా నీళ్ళో వాడండి. మనకి ఇది ఇండియా ప్రయాణాల్లో అలవాటైన పద్ధతే. భారీ వానల తరువాత మరింత జాగ్రత్త అవసరం.

నీళ్ళు, ఎండ, రోడ్డు

న్యూజిలాండ్‌లో ఇంటి ఈతకొలనుకి కంచె ఉండాలని చట్టం ఉంది. మన పిల్లలు దానికి అలవాటు పడ్డారు. రిసార్టుల్లో చాలాచోట్ల కొలను గది గుమ్మం నుంచి పది అడుగుల్లో, ఏ అడ్డూ లేకుండా ఉంటుంది. ప్రతిచోటా లైఫ్‌గార్డు ఉండడు. నీళ్ళల్లో పిల్లలు మునిగేటప్పుడు కేకలు వినపడవు, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. అయిదేళ్ళలోపు పిల్లలు ఎప్పుడూ మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటబొమ్మలే, రక్షణ సాధనాలు కావు. నలుగురు పెద్దవాళ్ళున్న చోట "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అన్న ధీమాయే ప్రమాదం. ఈ అరగంట ఎవరి వంతో నోటితో చెప్పుకోండి.

మన ఒంటి రంగుకి ఎండ ఏం చేయదనుకోవడం పొరపాటు. పగలు 10 నుంచి 4 వరకు నీడలో ఉంచండి. ఆరు నెలలలోపు బిడ్డకి నీడ, బట్టలే సన్‌స్క్రీన్. పగడపు రాళ్ళ మీద కాళ్ళు కోసుకుంటే ఆ గాయం త్వరగా చీము పడుతుంది. నీళ్ళ చెప్పులు తప్పక వేయండి.

ఫిజీలో కూడా ఎడమ వైపే నడపాలి. టాక్సీల్లో పిల్లల సీట్లు అరుదు. సాధ్యమైతే ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

తిండి

శాకాహారులకి దిగులు అక్కర్లేదు. నాండి, లౌటోకా మార్కెట్లలో వంకాయ, బెండకాయ, మునక్కాయ, కరివేపాకు దొరుకుతాయి. రోటీ, పప్పు, అన్నం ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. సూపర్‌మార్కెట్లో పెరుగు దొరుకుతుంది. చిన్న వంటిల్లు ఉన్న గది తీసుకుంటే పిల్లలకి పెరుగన్నానికి లోటుండదు. అక్కడివారి దాలో మన చామదుంపకు చుట్టమే, కసావా మన కర్రపెండలమే. చేపలు తినేవారు పెద్ద సైజు రీఫ్ చేపలకు దూరంగా ఉండండి. వాటిలో సిగువాటెరా అనే విషం ఉండవచ్చు, వండినా పోదు. ఇంటి నుంచి పొడులూ పచ్చళ్ళూ తీసుకెళ్తే ఫిజీ అధికారులకు ఫారంలో రాసి చూపించాలి.

ఒక పూట నాండి గుడికి

ప్లాన్లు తగ్గించమన్నాను గానీ ఈ ఒక్కటి మాత్రం వదలకండి. నాండి ప్రధాన వీధి చివర శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి ఆలయం ఉంది. రంగురంగుల గోపురంతో, ద్రావిడ శైలిలో కట్టిన ఇప్పటి ఆలయాన్ని 1994లో ప్రారంభించారు. చెప్పులు బయట విడవాలి, గర్భగుడి దగ్గర ఫోటోలు తీయకూడదు. పిల్లలు పావుగంటలో ప్రదక్షిణ చేసేస్తారు. వారికి చెప్పవలసిన కథ మాత్రం పెద్దది.

1879 మే 14న లియొనిడాస్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు ఫిజీ చేరారు. 1916 వరకు 60 వేలకు పైగా వచ్చారు. అగ్రిమెంట్ అన్న మాట వారి నోట్లో గిరిమిట్ అయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు బయలుదేరాయి. వాటిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల మనుషులున్నారు. చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందం. చాలామంది తిరిగి ఊరు చూడలేదు. 1926లో దక్షిణాది వారంతా కలిసి సంఘం పెట్టుకున్నారు, దాని బళ్ళు నేటికీ నడుస్తున్నాయి. 1941లో తెలుగువారు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఏర్పాటు చేసుకున్నారు. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత ఎందరో ఫిజీ భారతీయులు ఆక్లాండ్ వచ్చి స్థిరపడ్డారు. మన పక్కింటి ఫిజీ నాయుడు గారో, రెడ్డి గారో ఆ కథలోని వారే.

వారిలో చాలామందికి ఇప్పుడు తెలుగు రాదు, ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడతారు. పేరు మిగిలింది, గుడి మిగిలింది, పండుగ మిగిలింది, భాష జారిపోయింది. మనం ల్యాప్‌టాప్ పట్టుకుని విమానంలో వచ్చాం, వారు మూట పట్టుకుని ఓడలో వచ్చారు. మూడో తరానికి మన ఇంట్లో ఏం మిగులుతుంది అన్న ప్రశ్న అక్కడ నిలబడితే దానంతట అదే వస్తుంది. ఆ గుడి మెట్ల మీద పిల్లలతో ఓ పావుగంట తెలుగులోనే మాట్లాడండి.

తిరిగి వచ్చేటప్పుడు

న్యూజిలాండ్ ట్రావెలర్ డిక్లరేషన్ ముందే నింపుకోండి. తిండి పదార్థం ఏది ఉన్నా, పిల్లల సంచీలో సగం తిన్న అరటిపండైనా సరే, రాయండి. రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. పిల్లలు ఏరిన గవ్వలు, చాపలు, చెక్క బొమ్మలు కూడా చూపించాలి. పగడాలు, పెద్ద ఆల్చిప్పలు అసలు తేవద్దు.

సంచీ సర్దేటప్పుడు ఇవి మరవకండి: పారాసెటమాల్ సీసా, మందు కొలిచే సిరంజి, థర్మామీటరు, ఓఆర్ఎస్, దోమల మందు, సన్‌స్క్రీన్, ఈత చొక్కా, టోపీ, నీళ్ళ చెప్పులు, ఇన్సూరెన్స్ కాగితం, డాక్టరు చీటీతో సహా రోజువారీ మందులు.

పిల్లలకి గుర్తుండేది మనం తిప్పిన చోట్లు కాదు, వారితో తీరిగ్గా కూర్చున్న గంటలు. తక్కువ చూడండి, ఎక్కువ ఆడించండి. మీ అందరికీ శుభయాత్ర. ఫిజీ వారి మాటల్లో, బులా!