కణగ్రంథము – దాని కట్టు



మా అనంతపుర మండలమున చెఱువులు నెఱ్ఱెలు వాసి యెండియున్నప్పుడు అందు ప్రాణి యున్నదని యెవ్వరును నమ్మరు. ఒక్క పెద్దవాన కురిసిన రాత్రి కప్పల బెకబెకలు వినవచ్చును. కానరాకుండుట వేఱు, లేకపోవుట వేఱు. జీవకణముల విషయమున ఈ భేదమును గుర్తించుటకు శాస్త్రజ్ఞులకు చిరకాలము పట్టినది.

మానవకణమున సుమారు 2 మీటర్ల పొడవుగల డి.ఎన్.ఏ. సూత్రమున్నది. దేహనిర్మాణ విధియంతయు అందు లిఖితమై యున్నది. అయినను చర్మకణము చర్మధర్మమునే నిర్వర్తించును. తక్కిన పత్రము లేమైనవి? కణములు వేఱుపడునపుడు ఆ విధులు తొలగిపోవునని 1892లో జర్మను పండితుడు వైస్మన్ వాదించెను.

1962లో ఇంగ్లండున జాన్ గర్డన్ కప్పపిల్ల ప్రేవుకణములోని కేంద్రకమును, కేంద్రకము తీసిన అండమున ప్రవేశపెట్టెను. నూటికి ఒకటి రెండు మాత్రమే సంపూర్ణమైన కప్పపిల్లలైనవి. అవియే చాలును. గ్రంథము నశింపలేదు. 1964లో ఢిల్లీలో శిప్రా గుహ, మహేశ్వరి గారలు ఉమ్మెత్త పుప్పొడినుండి పిండములను పొందిరి. మన బీళ్లలో మొలచు ఉమ్మెత్తయు ఇదే సాక్ష్యము పలికినది.

మఱి కట్టు ఎట్టిది? హిస్టోనులను మాంసకృత్తులు ఎనిమిదింటి ముద్దకు డి.ఎన్.ఏ. చుట్టుకొని యుండునని 1974లో కార్న్‌బర్గ్ ప్రతిపాదించెను. ఇట్టి చుట్టల కూర్పే క్రోమాటిన్. త్రాటితో బిగించిన తాటియాకు గ్రంథమువలె, చుట్ట బిగిసినచోట జన్యువు మౌనము వహించును, సడలినచోట పలుకును. హైదరాబాదున 1977లో వెలసిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమున రాకేశ్ మిశ్ర గారును సహచరులును పండ్లయీగలయందు ఈ కట్టుల పొలిమేరలను పరిశోధించిరి. సడలిన భాగమునకును బిగిసిన భాగమునకును నడుమ గట్టురాళ్లవలె కొన్ని డి.ఎన్.ఏ. తునుకలు నిలిచియుండును.

2006లో జపానున యమనక నాలుగు జన్యువులను ఎలుక చర్మకణములందు చొప్పించి వానిని మరల ఆదిమదశకు తెచ్చెను. చర్మవిధుల పత్రములు మూతపడినవి, శైశవపత్రములు తెఱచుకొన్నవి. అయినను పెక్కు కణములు లొంగలేదు. పాతముడి సులభముగ వీడదు. 2012లో గర్డన్, యమనకలకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ గర్డన్‌కు శాస్త్రము అబ్బదని 1949లో ఆయన ఉపాధ్యాయుడు వ్రాసియుండెను. అది చదివిననాడు నాకు నిద్రపట్టలేదు. "వీనికి విద్య యంటదు" అని నేనును ఒక గొల్లపిల్లవాని పత్రమున వ్రాసితిని. వాడు మరల బడికి రాలేదు. బిగిసిన కట్టును చూచి, గ్రంథమే లేదంటిని.