మడతకత్తి కీలు

రోమకుల నాటి మడతకత్తులు ఐరోపా పురావస్తుశాలలలో అనేకము కలవు. కాని వానిలో పెక్కింటికి అలుగు లేదు. ఇనుము తుప్పుపట్టి మట్టిలో కలిసిపోగా, కంచుతోనో ఎముకతోనో దంతముతోనో మలచిన పిడి మాత్రము, కుందేలును తరుముకొనిపోవు వేటకుక్క రూపమును ధరించి, నేటికిని నిలిచియున్నది. ఆ పిడి కొనయందు చీల దూర్చిన రంధ్రమును, దాని పొడవున అలుగు ఒదుగుటకు తీసిన గాడియును స్పష్టముగా కనబడును. ఆ ప్రాచీనుడగు పనివాడు ఏ ఉక్కు వాడెనో, ఎంత పదును పట్టించెనో మనము చూడజాలము గాని, కీలును ఎట్లు ఊహించెనో ఆ రంధ్రమును బట్టియు గాడిని బట్టియు నిస్సంశయముగా చెప్పగలము.

మడతకత్తిని గూర్చి మాటలాడువారు సాధారణముగా ముందు ఉక్కును, పిదప వాదరను, ఆ తరువాత పిడి సొగసును పొగడుదురు. అవి పొగడదగినవియే. అయినను అలుగును పిడియును వంటకత్తికిని కలవు, కొడవలికిని కలవు. దినదినము మనుష్యుని వెంట నడచి, బట్టను చింపక, చర్మమును కోయక, అక్కరకు వచ్చినప్పుడు మాత్రమే బయలుపడు గుణము ఈ చిన్న పనిముట్టునకు కీలు వలన అబ్బినది. తెరచిన అలుగును తెరచినచోట నిలుపునది ఏది? చీల బిగువా, చేతిపట్టా, స్ప్రింగు బలమా, తాళమా? ఈ యొక్క ప్రశ్నకు దేశదేశముల పనివారు తమ తమ జీవనములను బట్టి చెప్పిన ప్రత్యుత్తరములే మడతకత్తి చరిత్ర యని నా నిశ్చితాభిప్రాయము.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పుగనుల చెంత దొరికిన ఎముకపిడి కత్తి క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్ది ప్రాంతపుది. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలలో క్రీస్తుశకము మూడవ శతాబ్దికి చెందిన వెండి ఉపకరణమొకటి కలదు. చెంచా, ముల్లుగరిటె, మొనతేలిన పుడక, ఇనుప అలుగు మున్నగునవి అన్నియు దానియందే మడిగియుండును. వీనిలో అలుగును పట్టియుంచునది చీల బిగువును, చేతి జాగరూకతయు మాత్రమే. ధనికుని వెండిసాధనమునకును హాల్‌స్టాట్ ఎముకపిడికిని ఈ విషయమున భేదము లేదు.

పిమ్మట మడతకత్తికి రాజపోషణము వంటిది లేఖకుల వలన లభించినది. ఐరోపాలో బాతుఈకతో వ్రాయువాడు మొన అరిగినకొలది దానిని చెక్కుకొనుచుండవలెను గనుక సన్నని అలుగు గల చిన్నకత్తి కలముతోపాటు అతని బల్లపై నుండక తప్పలేదు. దక్షిణ హిందూదేశమున తాటాకుపై వ్రాయువానికిని అట్టి యవసరమే కలిగెను. ఆకు అంచులు కోసి సమము చేయుటకు కత్తి, అక్షరము గీయుటకు గంటము కావలసియుండగా, రెంటిని ఒకే పిడిలో కీలుతో అమర్చి, మడచి మొలలో దోపుకొనుటకు వీలగునట్లు మన కమ్మరులు చేసిరి. తమిళులు దానిని మడక్కెళుత్తాణి యందురు. వేరువేరు దేశములందలి రెండు నాగరికతలు, ఆకునకో ఈకకో లోబడి, ఒకే జాతి పనిముట్టును కనుగొనుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము.

ఇక ఇంగ్లండులోని షెఫీల్డు. పదునాలుగవ శతాబ్ది చివర చాసర్ మహాకవి తన కాంటర్‌బరీ కథలలో ఒక పిండిమర యజమానిని వర్ణించుచు, వాని మేజోటిలో షెఫీల్డు కత్తి యున్నదని చెప్పియుండుటచేత, ఆ యూరి ఖ్యాతి అప్పటికే దూరదేశములకు ప్రాకినదని స్పష్టము. డాన్, షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ అను ఏరులు కొండలనుండి వడిగా దిగి సానచక్రములను త్రిప్పెను. సానకు తగిన ఇసుకరాయి చేరువనే దొరికెను. బొగ్గునకు కొదువ లేదు. 1624లో పార్లమెంటు శాసనముచే హాలమ్‌షైర్ కత్తిపనివారి సంఘము ఏర్పడి, ఎవరి ముద్ర యెవరిదో నిర్ణయించి, పనిలో కల్తీని అరికట్టుటకు పూనుకొనెను.

ఆ శతాబ్దముననే అచ్చటి పనివారు కీలునకు స్ప్రింగును చేర్చిరి. పిడి వెన్నున నిడుపైన ఉక్కుపట్టె యుండును. దాని కొన అలుగు మడమపై అదిమియుండును. మడమను చదరముగా రాచియుండుటచేత, మూసినప్పుడును తెరచినప్పుడును ఆ పట్టె చదునైన ముఖముపై కుదురుకొని అలుగును కదలనీయదు. వ్రేళ్లతో లాగినచో మడమ అంచు పట్టెను పైకెత్తి, అది మరల ఠక్కుమని తన చోటికి దిగును. ఇంతే గదా యని తోచవచ్చును. కాని పట్టె మితిమీరి బిగిసినచో గోరు విరుగును, సడలినచో అలుగు వ్రేళ్లపై మూసికొనును. తెరచినప్పుడును, మూసినప్పుడును, సగము తెరచినప్పుడును పట్టె వెన్ను పిడి వెన్నుతో ఒకే మట్టమున నుండవలెనన్నచో వెండ్రుకవాసి తేడాలను ఆకురాయితో సరిచేయు చేయి కావలెను. ఈ కీలు నడకను బట్టియు, మూసినప్పటి పలుకును బట్టియు కత్తి మంచిచెడ్డలను నిర్ణయించుట ఆ పనివారిలో నేటికిని ఆచారము. ఇట్టి పనివారిలో పెక్కుమంది కర్మాగారముల కూలివారు గాక, ఒక చిన్నగదియును, ఒక సానచక్రమును అద్దెకు తీసికొని స్వయముగా జీవించు చిన్న యజమానులు.

వారి ఉక్కు కథలో మనకును భాగము కలదు. 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు స్ప్రింగులకు తగిన ఉక్కు దొరకక, మట్టిమూసలలో ఉక్కును కరగించు పద్ధతిని షెఫీల్డు చెంత సాధించెను. స్థానికులగు కత్తిపనివారు అది మిక్కిలి కఠినమైనదని మొదట త్రోసిపుచ్చిరనియు, ఫ్రెంచివారు దానిని కొని కత్తులు చేసి ఇంగ్లండునకే అమ్మజొచ్చిన పిమ్మట కండ్లు తెరచిరనియు ప్రతీతి. మూసయుక్కు ఐరోపాకు అప్పుడు నూతనమే గాని తెలుగుదేశమునకు చిరపరిచితము. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు రెండువిధములైన ఇనుమును కలిపి, మూసలలో మూసి, కొలిమిలో అహోరాత్రములు కాల్చి తీసిన ఉక్కుముద్దలకై పారశీక వర్తకులు అంతదూరము ప్రయాణము చేసి వచ్చుచుండిరి. భూమికొలతల శాఖలో వైద్యుడును భూతత్త్వజ్ఞుడును అయిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము అతని మరణానంతరము 1832లో ప్రకటింపబడినది.

అంతకు పూర్వమే, 1794లో, బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ఇట్టి హిందూదేశపు మూసయుక్కును వూట్జు అను పేర రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బాంక్సునకు పంపెను. మరుసటి సంవత్సరము జార్జి పియర్సన్ దానిని పరీక్షించి పత్రము చదివెను. ఆ పరీక్షలో భాగముగా బాంక్సు కోరికపై లండనులోని జేమ్స్ స్టోడార్ట్ అను కత్తిపనివాడు ఆ ఉక్కుతో ఒక చిన్న కలపుకత్తిని చేయగా, దాని వాదర శ్రేష్ఠమైన ఐరోపా ఉక్కు వాదరకు తీసిపోలేదని తేలెను. ఖడ్గములచేత కీర్తి గాంచిన మన లోహము ఆ విద్వాంసుల సభలో పరీక్షకు నిలిచినది ఖడ్గముగా కాదు, ఈక చెక్కు కత్తిగా; దీనిని తలచినప్పుడెల్ల నాకు గర్వము కలుగుచున్నది. స్టోడార్ట్ తరువాత తన దుకాణపు ప్రకటనపత్రములోనే ఐరోపా ఉక్కుకంటె హిందూదేశపు ఉక్కు తనకు మిన్న యని అచ్చొత్తించెను. కమ్మరి కుమారుడగు మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమములను శోధించి, 1820లోను 1822లోను పత్రములు ప్రకటించెను. కోనసముద్రపు కొలుములు మాత్రము క్రమక్రమముగా చల్లారిపోయెను.

షెఫీల్డు తన వైభవమును చాటుకొనుటకు చేసిన కత్తులు కలవు. జోసెఫ్ రాడ్జర్స్ సంస్థవారు 1822లో సంవత్సరసంఖ్యకు సరిగా అన్ని అలుగులు గల కత్తిని నిర్మించిరి. 1851 నాటి మహాప్రదర్శనమునకు 75 అలుగుల నార్ఫోక్ కత్తిని పంపిరి. అన్ని కీళ్లను ఒకచోట కుదుర్చుట అద్భుతమైన నైపుణ్యమే. కాని జేబులో ఇమిడి, వాడుటచే అరిగిపోవు కత్తికి గల గౌరవమును నేను వానికి ఈయజాలను. ఆ వైభవము వెనుక సానచక్రముపై వంగి, రాతిధూళిని పీల్చి, ఊపిరితిత్తులు చెడి అకాలమున మరణించిన సానవాండ్రు ఎందరో కలరు. పొడిసాన పట్టువారి గతి మరింత దారుణము. ఆ చరిత్ర వ్రాసినప్పుడు వారిని తలపక పోవుట కృతఘ్నత.

కొండజాతుల కీలు వేరు. ఫ్రాన్సులోని సవాయ్ పర్వతప్రాంతమున, గొడ్డళ్లును కొమ్మకత్తులును చేయు కుటుంబమునందు పుట్టిన జోసెఫ్ ఓపినెల్ 1890లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, రైతుల కొరకు ఒక కత్తిని రూపొందించెను: గుండ్రని కొయ్యపిడి, అందొక గాడి, అలుగు, చీల, చీలను బిగించు లోహపుటుంగరము. స్ప్రింగు లేదు. 1897 నాటికి ఒకటి మొదలు పన్నెండు వరకు సంఖ్యలతో పరిమాణములు ఏర్పడెను; 1909లో కిరీటము ధరించిన హస్తము ముద్రగా నమోదయ్యెను. వానలో తడిసినప్పుడు కొయ్య ఉబ్బి అలుగు గోటికి రాదు. అప్పుడు సవాయ్ రైతు పిడి మడమను బల్లకో రాతికో తట్టును, అలుగు మొన తానై బయటికి వచ్చును. ఒక లోపమునుండియే ఒక విద్య పుట్టినది. 1955లో మార్సెల్ ఓపినెల్ మొదటి ఉంగరముపై తిరుగు రెండవ ఉంగరమును అమర్చెను. దానిని కొంచెము త్రిప్పినచో అలుగు మూసికొనదు. ఇంత స్వల్పవ్యయముతో ఇంత దృఢమైన తాళమును నేనెందును ఎరుగను.

ఫ్రాన్సులోనే ఓబ్రాక్ పీఠభూమియందలి లాగ్యోల్ గ్రామపు కత్తి 1829 నాటిది. దానికి మొదట పశువుల ఉబ్బిన కడుపును పొడిచి వాయువును విడిపించు సూది చేరెను, 1880 ప్రాంతమున పారిస్ కాఫీశాలలకు వలసపోయిన ఆ యూరివారి కొరకు సీసామూత తీయు మర చేరెను.

స్విట్జర్లాండు కత్తి పుట్టుకకు సైనికుని తుపాకి కారణము. 1889 నాటి క్రొత్త తుపాకిని విప్పుటకు మరచీలల సాధనము, డబ్బాలలోని ఆహారమును తీయుటకు మూతకోత సాధనము కావలసివచ్చెను. స్వదేశమున అన్ని కత్తులు చేయగల సంస్థ లేకపోవుటచే తొలి విడత జర్మనీలోని సోలింగెన్ నుండి వచ్చెను. ష్విజ్ మండలములోని ఈబాక్ గ్రామమున 1884లో కార్ఖానా స్థాపించిన కార్ల్ ఎల్సెనర్ దీనిని సహింపలేక, తోడి పనివారిని కూడగట్టి 1891 నుండి సైన్యమునకు కత్తులు సరఫరా చేసెను. తోడివారు తప్పుకొనిరి, అతడు దివాలా అంచునకు చేరెను, బంధువులు ఆదుకొనిరి. 1897లో అతడు నమోదు చేసిన అధికారుల కత్తిలో ఆరు సాధనములకు రెండే స్ప్రింగులు. ఒకే పట్టె రెండు వైపుల అలుగులను అదిమిపట్టుటచే కత్తి తేలికయై, సన్ననై, జేబునకు భారము కాలేదు. పలువురు ఆ కత్తిలోని సాధనముల సంఖ్యను లెక్కించి ఆశ్చర్యపడుదురు. నేను ఆ రెండు పట్టెలను చూచి ఆశ్చర్యపడుదును.

జపానులోని మికి పట్టణమున 1890ల నుండి చేయబడుచున్న హిగోనోకామి అన్నిటికంటె నిరాడంబరము. మడచిన లోహపురేకు పిడి, అలుగు, చీల, అలుగు మడమనుండి పొడుచుకొనివచ్చిన చిన్న తోక. ఆ తోకపై బొటనవ్రేలు మోపినంతసేపే అలుగు నిలుచును. దశాబ్దములపాటు పాఠశాల బాలురు దానితోనే పెన్సిళ్లు చెక్కుకొనిరి. 1960 అక్టోబరులో అసనుమా ఇనెజిరో అను రాజకీయనాయకుని ఒక పదునేడేండ్ల బాలుడు సభావేదికపై పొడిచి చంపెను. అతని చేతిది పొట్టిఖడ్గమే గాని జేబుకత్తి కాదు. అయినను పిల్లల చేతులనుండి అలుగులను తొలగింపవలెనను ఉద్యమము బలపడి, ఆ పనివారి జీవనము దెబ్బతినెను.

నిత్యము వెంటనుంచుకొనుటకు వీనిలో ఏది మేలని యడుగువారికి నేను ముందుగా చెప్పునది, అలుగును సగము తెరచి ప్రక్కకు కదలించి చూడుడని. కీలులో ఊగిసలాట యున్నచో ఉక్కు ఎంతటిదైనను దానిని విడువవలెను. పండు కోయుటకు, దారము త్రెంపుటకు, ఉత్తరము చించుటకు షెఫీల్డు స్ప్రింగు చాలును. కొయ్య చెక్కువాడు, త్రాడు కోయువాడు మొనపై బలము మోపును గనుక సవాయ్ ఉంగరమును కోరుకొనుట క్షేమము.

ఇంగ్లండు న్యాయశాస్త్రము సైతము తుదకు కీలునే పరీక్షించుచున్నది. 1988 నాటి శాసనము ప్రకారము బహిరంగస్థలమున కత్తి నుంచుకొనుటకు తగిన కారణము చూపవలెను గాని, వాదర మూడంగుళములకు మించని మడత జేబుకత్తికి ఆ నిర్బంధము లేదు. తాళము పడిన అలుగు మడత కాదని న్యాయస్థానములు పిమ్మట తీర్మానించెను. ఆ తీర్మానము ననుసరించి, ఆరు సెంటీమీటర్ల అలుగుతో, తాళపుటుంగరము లేని అయిదవసంఖ్య ఓపినెల్‌ను జేబులో వేసికొని లండను వీధులలో నిరభ్యంతరముగా నడువవచ్చును. అలుగు ఒక్క సెంటీమీటరు మాత్రమే పొడవైన ఆరవసంఖ్య కత్తికి, 1955 నాటి ఆ ఉంగరమున్న హేతువుచేత, కారణము చెప్పుకొనవలసియుండును.