మోటారు ఇంజను – మరిగే నీరు

ఎండకాలం మిట్టమధ్యాహ్నం ఘాటురోడ్డు ఎక్కుతూ ఒక కారు ఆగిపోతుంది. బానెట్టు సందుల నుండి ఆవిరి చిమ్ముతుంది. డ్రైవరు దిగి చూసి, "నీళ్లు మరిగిపోయినాయి" అంటాడు. ఈ మాటలో రోగలక్షణం ఉన్నది గాని రోగమేమిటో లేదు. ఇంజనులో పుట్టిన వేడి ఎక్కడికి పోవలసి ఉండి, ఎక్కడ చిక్కుకుపోయింది? దీనికి జవాబు వెదకడం నేర్చుకోవాలంటే మోటారుకారు పుట్టినప్పటి నుండి దానిలో నీరు చేసిన ప్రయాణాన్ని తెలుసుకోవాలి. విచిత్రమేమంటే, మొదటి కారులో నీరు మరగడం రోగంగా లెక్కలోకే రాలేదు. ఇంజనును చల్లబరచింది ఆ మరగడమే.

సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి మండే క్షణాన అక్కడి వాయువుల ఉష్ణోగ్రత 2000 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. శుద్ధమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పిస్టన్లు సాధారణంగా అల్యూమినియం మిశ్రమలోహంతోనే చేస్తారు. పెట్రోలులోని శక్తిలో స్థూలంగా మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన మూడోవంతు ఇంజను గోడలలోకి దిగుతుంది. దీనిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే కందెన నూనె పలచబడి కాలిపోతుంది; పిస్టను వ్యాకోచించి సిలిండరులో బిగుసుకుపోతుంది. మెకానిక్కులు "ఇంజను సీజైంది" అనేది ఈ స్థితినే.

జర్మనీలోని మన్‌హైమ్ నగరంలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండి పేటెంటు కోసం 1886 జనవరి 29న దరఖాస్తు పెట్టాడు. దాని ఇంజనుకు ఒకే సిలిండరు; బలం ఒక అశ్వశక్తికి లోపే. సిలిండరు చుట్టూ నీటితొడుగు ఉండేది. నీరు వేడెక్కి, మరిగి, ఆవిరై గాలిలో కలిసిపోయేది. ఇది మోటు పద్ధతిగా కనిపిస్తుంది గాని దీని వెనుక మంచి భౌతికశాస్త్రం ఉన్నది. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు వేడిచేయడానికి 70 కాలరీలు చాలు. అదే గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావాలంటే సుమారు 540 కాలరీల గుప్తోష్ణం కావాలి. అంటే ఆవిరయ్యే ప్రతి చుక్కా ఎంతో వేడిని మోసుకుపోతుంది. పైగా నీరు ఉన్నంతసేపు తొడుగులోని ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు.

చిక్కల్లా నీరు తరిగిపోవడమే. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, యూజెన్, రిచర్డ్ అనే ఇద్దరు కుమారులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుండి ప్ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. వీస్లోఖ్‌లో మందుల అంగడికి వెళ్లి ఇంధనం కొన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. కాని ఇంధనం కంటే తరచుగా ఆమె వెదకవలసి వచ్చింది నీటినే. దారిలో దొరికిన బావులు, వాగులు, సత్రాల దగ్గర మళ్లీ మళ్లీ ఆగి తొడుగు నింపవలసి వచ్చింది.

ఒక అశ్వశక్తి ఇంజనుకు ఇది చెల్లింది. 35 అశ్వశక్తుల ఇంజను సంగతేమిటి? అది చేసే పనికి సమానమైన ఉష్ణం నీటిలోకి దిగుతున్నదనుకుని విద్యార్థులు లెక్క కట్టవచ్చు: గంటకు సుమారు 40 లీటర్ల నీరు ఆవిరైపోవాలి! కారు వెనుక నీళ్లబండి కట్టుకుని తిరగవలసిందే.

ఈ ముడిని విప్పినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 డిసెంబరులో డైమ్లర్ కర్మాగారం నుండి వెలువడిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చాడు. అందులో 6 మిల్లీమీటర్ల భుజం గల చదరపు గొట్టాలు 8,070. గొట్టాల లోపల గాలి, వాటి మధ్య సన్నని సందులలో నీరు. వెనుక ఒక ఫ్యాను. గాలికి తగిలే ఉపరితలం విపరీతంగా పెరగడంతో, అంతకుముందు 18 లీటర్లు కావలసిన చోట 9 లీటర్ల నీరు సరిపోయింది. ఇక నీరు వేడిని ఇంజను నుండి రేడియేటరుకు మోసి, అక్కడ గాలికి అప్పగించి, తిరిగి వస్తుంది. ఉన్న నీరే తిరుగుతుంది గనుక ఒక్క లీటరు ఆవిరైపోయినా లోటే. మరగడం జబ్బుగా మారినది అప్పటినుండే.

1908లో వచ్చిన ఫోర్డు 'టి' నమూనా కారు కథ ఇంకా ఆసక్తికరం. మొదటి సుమారు 2,500 కార్లకు నీటిపంపు ఉండేది. తరువాత దానిని తీసివేశారు. వేడినీరు తేలికై పైకి లేస్తుంది, చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. ఈ సంవహనమే పంపు పని చేస్తుందని నమ్మారు. నమ్మకం సరైనదే గాని ఒక షరతు ఉన్నది. పై గొట్టం నోటివరకు నీరు నిండుగా ఉండాలి. మట్టం ఆ నోటికి కొంచెం కిందికి దిగిందా, రేడియేటరులో ఇంకా చాలా నీరు ఉన్నా ప్రవాహం తెగిపోతుంది! "నీళ్లున్నాయి గదా, ఎందుకు మరుగుతున్నది?" అని ఆశ్చర్యపడేవారికి జవాబు ఇదే. ఆ రోజులలోనే బాయిస్ మోటోమీటరు అనే ధర్మామీటరు రేడియేటరు మూతమీద కనిపించసాగింది. డ్రైవరు తన ఆసనం నుండే దానిని చూడగలిగేవాడు.

తరువాతి మార్పులు వరసగా వచ్చినవే. పంపు తిరిగి వచ్చింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరుకు దారి మూసి, వేడెక్కగానే తెరిచే థర్మోస్టాటు వచ్చింది. 1930ల దశకంలో సెర్గియస్ వెర్నే దీనికి మైనం కరిగి వ్యాకోచించే గుణాన్ని వాడుకున్నాడు. నీటికి తోడుగా ఇథిలీన్ గ్లైకాల్ వచ్చింది. ఇది 197 డిగ్రీల వరకు మరగదు గనుక బ్రిటిషు విమానాల మెర్లిన్ ఇంజనులో మొదట గ్లైకాల్ ఒక్కటే వాడారు. కాని వేడిని మోయడంలో నీటికి సాటి రాదని తేలి, తరువాతి మెర్లిన్లలో 70 పాళ్ల నీటికి 30 పాళ్ల గ్లైకాల్ కలిపి ఒత్తిడిలో ఉంచారు. ఒత్తిడి మూత రహస్యం కూడా ఇదే. వాతావరణ పీడనానికి అంతే పీడనం కలిపితే నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగదు.

ఆ మూతే అన్నిటికంటే ప్రమాదకరం. 110 డిగ్రీల నీరు మూత కింద ప్రశాంతంగా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి, అందులో కొంత క్షణంలో ఆవిరై, మిగతా నీటిని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారేవరకు మూత ముట్టరాదు. కాలుతున్న ఇనుము మీద చన్నీరు గుమ్మరించడమూ తగదు. లోహం ఒక్కసారిగా ముడుచుకుని బీటలు వారవచ్చు.

చల్లారిన తరువాత పరీక్ష మొదలుపెట్టాలి. మొదట చూడవలసినది బెర్తా బెంజ్ చూసుకున్నదే: నీరు ఉన్నదా? తరిగితే ఎటు పోయింది? గొట్టాల కీళ్లు, పంపు అడుగు, రేడియేటరు అతుకులు తడిగా ఉన్నాయేమో చూడాలి. నీరు సరిగా ఉంటే, కారు ఎప్పుడు వేడెక్కుతున్నదో అడగాలి. ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు వేడెక్కి, రోడ్డుమీద వేగంగా పోతే చల్లబడితే అనుమానం ఫ్యాను మీద; వేగంగా పోయేటప్పుడు గాలి దానంతటదే తగులుతుంది గదా. వేగంలోనూ, ఎత్తు ఎక్కేటప్పుడూ వేడెక్కితే రేడియేటరులో గాని ప్రవాహంలో గాని అడ్డు ఉన్నది. గాలిదారులలో పురుగులు, మట్టి, నీటిదారులలో తుప్పు, ఉప్పునీరు పోసిన సున్నపు పొర. ఈ పొర ఇనుముకంటే ఎన్నో రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఇంజను బాగా వేడెక్కినా రేడియేటరు కింది గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాటు తెరుచుకోలేదనో, దారి పూడిపోయిందనో అర్థం. చల్లని ఇంజనుకు మూత తీసి నడిపినప్పుడు నీటిలో ఎడతెగకుండా బుడగలు వస్తుంటే మండిన వాయువులు నీటిలోకి చొరబడుతున్నాయి. హెడ్ గాస్కెట్టు పోయిందన్నమాట. దానికి హెడ్ విప్పవలసిందే. వేడిమిని చూపే ముల్లు దిగిందని సంతోషించడమూ పొరపాటు కావచ్చు. నీరంతా పోతే దాని కొన గాలిలో వేలాడుతూ తక్కువ చూపించగలదు.

థర్మోస్టాటు చెడితే దానిని తీసి పారవేసి కారు నడపడం చాలామందికి అలవాటు. ఇది మంచి పని కాదు. ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. పాత థర్మోస్టాటును దారంతో కట్టి, గిన్నెలోని నీటిలో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన ధర్మామీటరు ఉంచి పొయ్యి వెలిగిస్తే చాలు. దానిమీద అచ్చు వేసిన ఉష్ణోగ్రత దగ్గర కవాటం కదలడం మొదలుపెట్టాలి. నీరు మరిగినా కదలకపోతే కొత్తది వేయాలి.