ఐదు గళ్లు ఖాళీ... కంపెనీ నోరు మెదపదు!

1994 జూన్. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, లించ్‌బర్గ్ కాలేజీ. లెక్కల ప్రొఫెసర్ థామస్ నైస్‌లీ ముందు రెండు మొత్తాలున్నాయి. రెండూ ఒకటే కావాలి. పొసగడం లేదు!

ఆయనది కవల ప్రధాన సంఖ్యల పరిశోధన. 11, 13లా రెండే తేడా ఉన్న జంటలవి. ఒకటిని ఒక్కో సంఖ్యతో భాగించడం, వచ్చినదాన్ని కూడుకుంటూ పోవడం. కొత్తగా కొన్న పెంటియం కంప్యూటర్ ఆ పనిలో చేరాకే ఈ తిరకాసు.

ప్రోగ్రామ్‌లో తప్పుందా? కంపైలర్‌దా? మదర్‌బోర్డుదా? ఒక్కొక్కటే పరీక్షిస్తూ వచ్చారు. అక్టోబరులో దొంగ దొరికింది. ఒకటిని 824633702441తో భాగిస్తే పెంటియం ఇచ్చే జవాబులో మొదటి ఎనిమిది అంకెలే సరైనవి. పాత 486 చిప్పు మాత్రం పొల్లుపోకుండా చెబుతోంది.

24న, పెంటియం చిప్పు తయారుచేసిన ఇంటెల్‌కు ఫిర్యాదు చేశారు. తృప్తికరమైన జవాబు లేదు. 30న, మీ కంప్యూటర్లలోనూ చూడండంటూ కొందరికి ఈమెయిల్ పంపారు. సంగతి గుప్పుమంది.

ఇంటెల్‌కు ఇది కొత్త కబురు కాదు. ఆ వేసవిలోనే సొంత ఇంజినీర్లు కనిపెట్టారు. పెంటియం ఎక్కాల పుస్తకంలా ఒక పట్టిక చూసి భాగహారం చేస్తుంది. అందులో 2 ఉండాల్సిన ఐదు గళ్లలో సున్నా పడింది. లోపం తెలిశాక కూడా కొన్నవాళ్లకు మాట చేరలేదు.

రచ్చయ్యాక కంపెనీ లెక్కలు తీసింది. మామూలు వాడకందారుకు ఈ తప్పు 27,000 ఏళ్లకోసారి ఎదురవుతుందట! చిప్పు మార్చాలంటే తమ పనికి అంత కచ్చితత్వం అవసరమని కొన్నవాళ్లే నిరూపించుకోవాలట! జనానికి ఒళ్లు మండింది అక్కడే. డబ్బు పోసి కొన్నవాడు సంజాయిషీ ఇవ్వడమేమిటి?

డిసెంబరు 12న ఐబీఎం పెంటియం కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. కొందరికి 24 రోజులకోసారే తప్పు రావచ్చని తేల్చింది. ఐబీఎంకు సొంతంగా పోటీ చిప్పు ఉన్నమాటా నిజమే. అయినా దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

డిసెంబరు 20న ఇంటెల్ దిగొచ్చింది. క్షమాపణ చెప్పింది. అడిగినవారికల్లా, కారణం అడక్కుండా, కొత్త చిప్పు ఇస్తామంది. ఖాతాల్లో రాసుకున్న నష్టం 47.5 కోట్ల డాలర్లు. ఆ తర్వాత తన చిప్పుల్లోని లోపాల జాబితాలను బాహాటంగా ప్రచురించసాగింది. తాను కొన్న వస్తువులో తప్పుందని తెలుసుకునే హక్కు కొన్నవాడిదేనని ఒప్పుకోవడానికి ఆ కంపెనీకి అంత ఖర్చయింది.