కౌమారంలో సంబంధపరమైన దూకుడు

ఎదుటివారి స్నేహాలను, జట్టులో వారికున్న చోటును, పరువును దెబ్బతీసి బాధపెట్టడాన్ని సంబంధపరమైన దూకుడు అంటారు. పుకార్లు పుట్టించడం, ఒకరితో అందరిచేత మాటలు మాన్పించడం, చెప్పుకున్న రహస్యాన్ని బయటపెట్టడం, ‘ఆమెతో మాట్లాడితే నీతో కటీఫ్’ అని బెదిరించడం దీని రూపాలు. ఫోన్లు వచ్చాక వాట్సాప్ గ్రూపులోంచి తీసేయడమూ వీటిలో చేరింది.

ఫిన్లాండ్‌లో కిర్స్తి లాగెర్‌స్పెట్జ్, కాయ్ బ్యోర్క్‌విస్ట్ 1988లో 11–12 ఏళ్ల పిల్లల్లో ఇలాంటి ప్రవర్తనను పరోక్ష దూకుడు పేరుతో పరిశీలించారు. 1995లో అమెరికాలో నిక్కీ క్రిక్, జెనిఫర్ గ్రోట్‌పీటర్ మూడు నుంచి ఆరో తరగతి వరకు 491 మంది పిల్లలపై అధ్యయనం చేశారు. ఎవరు ఇలా ప్రవర్తిస్తారో తోటి పిల్లలచేతే చెప్పించారు. ఈ దూకుడు బాలికల్లో ఎక్కువగా కనిపించింది. అలా ప్రవర్తించేవారిలో ఒంటరితనం, దిగులు అధికమని, తోటివారు వారిని ఇష్టపడటం లేదని తేలింది. అయితే నోయెల్ కార్డ్ బృందం 2008లో 148 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు బాలబాలికల మధ్య తేడా నామమాత్రమేనని వెల్లడైంది. కొట్లాటల్లో మాత్రం బాలురదే పైచేయి.

ఈ దూకుడుకు గురైనవారిలో ఆందోళన, దిగులు, బడిపై విముఖత కనిపిస్తాయి. చేసేవారి సాంఘిక సర్దుబాటు అంత సూటిగా ఉండదు. కౌమారంలో వారికి తరగతిలో పలుకుబడి ఉండవచ్చు, కానీ మనసారా ఇష్టపడేవారు తక్కువ. ఎవరికి ఎవరంటే ఇష్టమో, ఏ మాట ఎవరిని నొప్పిస్తుందో గ్రహించగల నేర్పు ఇలాంటి దూకుడుకు అవసరం. పెద్దల ముందు మర్యాదగా మెలగడం వల్ల వారు ఉపాధ్యాయుల దృష్టిలో పడరు.

హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలకు ఈ దూకుడు నుంచి తప్పించుకోవడం మరీ కష్టం. ఉదాహరణకు, ఖమ్మం జిల్లా సింగరేణి మండల కేంద్రం కారేపల్లి నుంచి భద్రాచలం వరకు ఉన్న అటవీ ప్రాంతంలో ఎందరో కోయ, లంబాడా పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటారు. ఇంటి నుంచి వచ్చే విద్యార్థికి సాయంత్రమైతే జట్టు నుంచి విరామం దొరుకుతుంది. హాస్టల్లో వెలి భోజనాల వరుసలోనూ, స్టడీ అవర్‌లోనూ, పడక దగ్గరా కొనసాగుతుంది. తల్లిదండ్రులు దూరంగా ఉండటంతో చెప్పుకునే దిక్కు వార్డెనే.

దండన ఒక్కటే దీనికి చాలదు, ఎందుకంటే వెలి నిలబడేది చూస్తూ ఊరుకునేవారి మౌనంపైనే. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘కివా’ కార్యక్రమం అందుకే బాధితుల పక్షాన నిలవడాన్ని తరగతి మొత్తానికి నేర్పుతుంది. భారతదేశంలో 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కౌమారుల మానసిక ఆరోగ్యాన్నీ తన పరిధిలోకి తీసుకుంది. సహాయానికి టెలి మానస్ నంబరు 14416, చైల్డ్‌లైన్ 1098 అందుబాటులో ఉన్నాయి.