టెక్యన్ - ఒక పెద్దాయన నిలిపిన విద్య

తైక్వాండో పేరు మన మనవల నోట తరచు వింటున్నాము. ఆ పేరు 1955లో పెట్టినదే. అంతకంటె పాతదైన కొరియా విద్య మరొకటి ఉన్నది. దాని పేరు టెక్యన్.

పూర్వం అక్కడి ఊళ్ళలో పండుగలకు యువకులు ఈ పోటీ ఆడేవారు. ఆయుధం ఉండదు. త్రికోణంగా అడుగులు వేస్తూ, నాట్యంవలె ఊగుతూ, కాలితో ఎదుటివానిని పడగొట్టాలి. గాయపరచడం ఉద్దేశం కాదు. జపాన్ పాలనలో (1910-45) ఈ విద్య దాదాపు అంతరించినది.

1893లో పుట్టిన సోంగ్ దొక్‌గి మాత్రం చిన్ననాడు నేర్చినది మరువలేదు. షిన్ హాన్‌సంగ్ ఆయన వద్ద నేర్చి, దానిని ఒక క్రమంలో కూర్చి, గుర్తింపునకై పాటుబడ్డారు. 1983లో కొరియా ప్రభుత్వం దానిని 76వ సాంస్కృతిక సంపదగా నమోదు చేసినది. అప్పటికి సోంగ్‌గారికి తొంభై ఏళ్ళు. గురుశిష్యులిద్దరూ 1987లోనే కాలం చేశారు. నాలుగేళ్ళు ఆలస్యమై ఉంటే ఏమయ్యేది? 2011లో యునెస్కో జాబితాకు ఎక్కేదేనా?

జీవితమంతా దస్త్రాలతో గడిపిన గుమాస్తాను గనుక ఆ నమోదు విలువ నాకు తెలుసు.

ఇక ప్రయోజనం. మోకాళ్ళు వంచి లేస్తూ, బరువును ఒక కాలినుండి మరొక కాలికి మార్చడమే ఇందులో మొదటి పాఠం. దీనివలన కాళ్ళకు బలం, ఒంటికి నిలకడ కలుగుతాయి. జారిపడే భయమున్న మన వయస్సుకు కావలసినవి ఇవే. మోకాళ్ళ నొప్పులున్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

మిత్రులారా, మనకు తెలిసిన విద్య ఏదైనా సరే, ఒక్కరికైనా నేర్పిపోదాము.